సహపాఠి గారి ప్రశ్నలు

ఆ వానాకాలం మా ఇంట్లోకి వరద రాలేదు, దొంగలు రాలేదు, జబ్బులు రాలేదు. వచ్చినవల్లా ఒక మనిషి రాసే ప్రశ్నలు. అవి కూడా ఎంతో మర్యాదగా వచ్చేవి. చివర నమస్కారం లేకుండా ఒక్కటీ ఉండేది కాదు. అందుకే మేం తలుపులు బార్లా తీసిపెట్టాం.

మా ఆవిడ లెక్కల టీచరు. నేను అదే బడిలో డ్రాయింగ్ మాస్టర్ని. డ్రాయింగ్ మాస్టరంటే బడికి కూరలో కరివేపాకు. పరీక్షలు దగ్గరపడితే చాలు, నా పీరియడ్లన్నీ లెక్కలకీ సైన్సుకీ ధారపోయాల్సిందే. అందులోనూ ఎక్కువ పట్టుకుపోయేది మా ఆవిడే. పాఠం మధ్యలో ఏ పిల్లాడైనా తెల్లమొహం వేస్తే వాడికి అర్థమయ్యేదాకా ఆవిడ కదిలేది కాదు. దాంతో పాఠం వెనకబడేది, నా పీరియడు ఆవిడ ఖాతాలో పడేది. ఇంట్లో నా మాట ఎటూ ఆవిడ ఖాతాలోదే.

బడి తెరవగానే యాజమాన్యం ఒక ఆర్డరు వేసింది. టీచర్లందరూ ఏడాదిలో ఇన్ని గంటలు కొత్తగా ఏదో నేర్చుకున్నట్టు చూపించాలి. నెట్‌లో టీచర్ల కోసం ఒక వేదిక ఉందనీ, పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చేరొచ్చనీ తెలిసి స్టాఫ్‌రూమ్ స్టాఫ్‌రూమంతా అందులో చేరింది. చాలామంది వీడియో ఆడిస్తూ పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకునేవాళ్లు. గంటలు వాటంతటవే పూర్తయ్యేవి. మా ఆవిడ మాత్రం నిజంగానే నేర్చుకోవడం మొదలుపెట్టింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

ఆ వేదికకి ఒక పద్ధతి ఉంది. ఒకరు పెట్టిన పాఠాన్ని ఇంకొకరు తీసుకోవచ్చు, తమ తరగతికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మార్చినదాన్ని తెచ్చి మళ్లీ అక్కడే పెట్టాలి. మొదట తయారుచేసినవాళ్ల పేరు అడుగున ఉంచితే చాలు. ప్రతి పాఠం కిందా 'తరగతిలో ఏం జరిగింది?' అని ఒక గడి ఉండేది. అది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. పాఠం ఎక్కడ బెడిసికొట్టిందో, ఏ పిల్లలు ఎందుకు ఆగిపోయారో దాచకుండా రాయాలి. ఎంత దాచకుండా రాస్తే అక్కడ అంత గౌరవం. పిల్లల పేర్లు మాత్రం రాయకూడదు. పేరు రాయకపోతే ఒకరి గుట్టు బయటపెట్టినట్టు కాదని అక్కడి టీచర్లందరి నమ్మకం.

మా ఆవిడ పాఠాలు రాసి పెట్టేది, నేను వాటికి బొమ్మలు వేసేవాణ్ణి. జీతం లేని కొలువని నేను సణుగుతూనే వేసేవాణ్ణి కానీ, నా బొమ్మని ఎక్కడో ముక్కూ మొహం తెలియని టీచరు తన తరగతిలో చూపిస్తోందంటే లోపల సంతోషంగానే ఉండేది.

సహపాఠి గారు మొదటిసారి రాసింది భిన్నాల పాఠం కింద. 'మేడమ్, నమస్కారం. మీ పాఠం ఎంతో బాగుంది. మూడో మెట్టు దగ్గర పిల్లలు తడబడతారేమో అనిపించింది. మీ తరగతిలో ఎక్కడ తడబడ్డారు? నేర్చుకోవాలని అడుగుతున్నాను.'

మా ఆవిడ దాన్ని మా ముగ్గురికీ వినిపించింది. ముగ్గురమంటే నేను, మా అత్తగారు, నాలుగో తరగతి చదివే మా అమ్మాయి. ఆ అమ్మాయిని ఇంట్లో బుడంకాయ అంటాం.

"ఇన్నేళ్ల సర్వీసులో నా పాఠం గురించి ఒక్కళ్లైనా ఒక్క ప్రశ్న అడిగారా అండీ? సిలబస్ అయిందా అని తప్ప," అంది మా ఆవిడ.

"ఎవరే ఆయన?" అన్నారు అత్తగారు.

"తెలీదమ్మా. నాలాంటి టీచరే అయ్యుంటారు. సహపాఠి అని పెట్టుకున్నారు."

"కన్నవాళ్లు పెట్టిన పేరు చెప్పుకోవడానికి ఏం వచ్చింది ఆయనకి?"

"అక్కడ చాలామంది అంతేనమ్మా."

ఆ రాత్రి మా ఆవిడ జవాబు ఒక పేజీ రాసింది. మర్నాడు పాలు కాగేలోపు ఇంకో ప్రశ్న వచ్చింది.

* * *

ఒక సాయంత్రం వాన కుండపోతగా పడుతోంది. బుడంకాయ బల్ల దగ్గర భాగహారాలు చేస్తోంది, పక్కన వాళ్లమ్మ కూర్చుంది. నేను ఆ చివర నా బ్రష్షులు కడుక్కుంటున్నాను. పదిహేడుమంది పిల్లల్ని ఐదుగురు చొప్పున జట్లు చేయాలి. ఎన్ని జట్లు, ఎంతమంది మిగులుతారు? బుడంకాయ మూడు జట్లు చేసి, ఒకదానిలో ఐదుగురిని, మిగతా రెండింటిలో ఆరుగురు చొప్పున సర్దేసింది.

"ఐదుగురు చొప్పున అన్నారు కదమ్మా," అంది మా ఆవిడ.

"సర్దుకుని ఆడుకుంటారులే."

"లెక్కలో సర్దుకోవడం ఉండదురా. శేషం రెండు అని రాయాలి."

"నేను రాయను."

నేనైతే ఒకటి తగిలించేవాణ్ణి. మా ఆవిడ పెన్సిలు కింద పెట్టి ఊరుకుంది. ఆవిడ విద్యంతా అందులోనే ఉంది. ఒక ప్రశ్న అడిగి, తొందరపెట్టకుండా, మొహంలోకి గుచ్చి చూడకుండా, అవతలి మనిషి తనంతట తాను నోరు విప్పేదాకా అలా పక్కన కూర్చుంటుంది. పెళ్లైన కొత్తలో నా చేత కూడా ఎన్ని నిజాలు చెప్పించిందో అలాగే.

బుడంకాయ నా వంక చూసింది. నేను వినడం లేదనుకుని వాళ్లమ్మ మీదకి వంగింది.

"ఆటల పీరియడ్లో జట్లు వేసుకుంటారు కదా. ఎప్పుడూ నేనే మిగిలిపోతాను. ఎవరో ఒకళ్లు దీన్ని తీసుకోండర్రా అంటారు సారు. అప్పుడు తీసుకుంటారు." వాళ్లమ్మ కొంగు పట్టుకుని, "ఎవరికీ చెప్పకు," అంది.

"చెప్పను," అంది మా ఆవిడ.

నా చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. నా పిల్ల బడి మైదానంలో రోజూ అలా నిలబడుతోందని, అదే బడిలో పనిచేస్తూ నాకు తెలియదు.

"మిగిలినవాళ్లంటే పనికిరానివాళ్లు కాదమ్మా," అంది మా ఆవిడ నెమ్మదిగా. "తర్వాత రాబోయే జట్టుకి వాళ్లే మొదటివాళ్లు. ఇంకో ముగ్గురు వస్తే చాలు, ఆట మొదలు."

బుడంకాయ ఆలోచించింది. శేషం దగ్గర రెండు వేసింది. పక్కన చిన్న జెండా కూడా గీసింది, ఆ ఇద్దరి జట్టుదన్నమాట. తర్వాతి లెక్కలన్నీ గబగబా చేసేసింది.

నేను అప్పుడే ఒక బొమ్మ వేశాను. మూడు జట్లు ఆడుకుంటుంటే, పక్కన ఇద్దరు పిల్లలు జెండా పట్టుకుని మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తున్నారు. ఇద్దరిలో ఒక పిల్లకి ఒక జడ రిబ్బను ఊడి వేలాడుతూ ఉంటుంది. మా బుడంకాయకి రోజూ మధ్యాహ్నానికి అలాగే ఊడుతుంది. ముద్దొచ్చి వేశాను.

భోజనాలయ్యాక చూస్తే మా ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని 'తరగతిలో ఏం జరిగింది' గడిలో రాసేస్తోంది.

"అది కూడా రాస్తున్నావా?"

"పేరు రాయలేదుగా. ఒక పాప అని రాశాను."

"ఎవరికీ చెప్పనన్నావు."

"ఇది చెప్పడం కాదండీ. ఇంకెక్కడో ఇంకో బడిలో ఇంకో పిల్ల ఇలాగే మిగిలిపోతూ ఉంటుంది. దానికి ఏం చెప్పాలో దాని టీచరుకి తెలియొద్దా?"

నా బొమ్మని కూడా ఆవిడే ఫోన్‌తో ఫొటో తీసి అక్కడ పెట్టింది, నేను వద్దనలేదు.

మర్నాడు సహపాఠి గారు రాశారు. 'మేడమ్, కళ్లు చెమర్చాయి. ఆ పాపతో మీరు సరిగ్గా ఏ మాటలు అన్నారు? ఏ గొంతుతో అన్నారు? అనేముందు ఎంతసేపు ఆగారు? వీలైతే మీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టగలరా? నమస్కారం.'

"నువ్వు ఎంతసేపు ఆగావో ఆయనకెందుకు?" అన్నాను.

"పాఠమంతా ఆగడంలోనే ఉందండీ. అది ఎవరికీ పట్టదు. ఈయనకి పట్టింది."

పక్కగదిలోంచి అత్తగారు అన్నారు, "ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషిలా ఉన్నాడు. నువ్వేమో అడక్కముందే ఆవలిస్తున్నావు."

మా ఆవిడ నవ్వేసి, గొంతు సవరించుకుని, రికార్డు చేసింది.

* * *

అక్కణ్ణుంచి ప్రశ్నలు సన్నబడుతూ వచ్చాయి. బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకి వీపు చూపిస్తారా, పక్కకి నిలబడతారా? తప్పు చెప్పిన పిల్లాడి దగ్గరికి వెళ్తారా, ఉన్నచోటి నుంచే మాట్లాడతారా? ఫలానా జోకు ఏ లెక్క తర్వాత వేస్తారు? పిల్లలు నవ్వకపోతే ఏం చేస్తారు? మా ఆవిడ తరగతిలో తను చేసే పనులు తనే గమనించుకుని వచ్చి రాసేది. ఇంతకుముందు ఎప్పుడూ తన గురించి తనకి ఇంత తెలియలేదని అనేది. ఆ నెలల్లో ఆవిడ పాఠం చెప్పే తీరు నిజంగానే ఇంకా మెరుగుపడింది. అది మాత్రం కాదనలేను.

ఒకరోజు అడిగాను, "ఆయన తన తరగతి గురించి ఒక్క ముక్కయినా రాశాడా?"

మా ఆవిడ ఆలోచించింది. "లేదు. బిడియస్తులేమో."

"ఒకరోజు పద్యంలా రాస్తాడు, ఒకరోజు టెలిగ్రాం కొట్టినట్టు రాస్తాడు. తెల్లవారుజామున రాస్తాడు, బడి వేళలో కూడా రాస్తాడు. ఆ మనిషి పాఠం ఎప్పుడు చెప్తాడు?"

"మీకు అసూయండీ," అంది. అసూయ కొంత ఉన్నమాట నిజమే. కానీ భయం అంతకంటే ఎక్కువగా ఉంది. ఎందుకో మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి.

బడిలో కూడా ఏదో జరుగుతోంది. గోడలకి కన్నాలు పొడిచి తరగతి తరగతికీ పెద్ద తెరలు బిగించారు. నా గదిలో రంగుల సీసాల మీదంతా సున్నం పొడి పేరుకుంది. అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన ఒకమ్మాయి వచ్చి రోజూ మా ఆవిడ తరగతిలో ఆఖరి బెంచీ మీద కూర్చునేది. చేతిలో ఒక ట్యాబు. మా ఆవిడ కిటికీ దగ్గరికి నడిస్తే ఏదో నొక్కేది, ఆగితే నొక్కేది. "నేర్చుకుంటానని వచ్చిన పిల్లని కాదంటామా," అని మా ఆవిడ ఆ అమ్మాయికి తన కుర్చీ కూడా ఇచ్చింది.

ఇంకో వింత. ఆ ఏడు మూడునెలల పరీక్షల ముందు నా డ్రాయింగ్ పీరియడ్లని ఎవరూ అడగలేదు. అందరి పాఠాలూ వేళకి పూర్తవుతాయని యాజమాన్యం ముందే చెప్పేసిందట. పోయిన పీరియడ్లు తిరిగొస్తే సంబరపడాలి కదా. నాకు మాత్రం ఆ చెక్కుచెదరని టైంటేబుల్ చూస్తే ఏదో తేడాగా అనిపించింది.

పరీక్షలైపోయి దసరా సెలవుల తర్వాత బడికి వెళ్లేసరికి నోటీసు బోర్డులో కొత్త టైంటేబుల్ ఉంది. నాలుగో తరగతి లెక్కల గడుల్లో మా ఆవిడ పేరు లేదు. ఐదులోనూ లేదు. ఆవిడ పైనుంచి కిందికి వేలితో వెతుక్కుంది. తర్వాత చెయ్యి దించేసి, "అచ్చు తప్పేమో," అంది.

ప్రిన్సిపాల్ మేడమ్ మంచిమనిషే. అందుకేనేమో మాట్లాడినంతసేపూ మమ్మల్ని చూడకుండా బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు.

"మీకిది ప్రమోషన్ అమ్మా. ఇంక తరగతుల బాధ లేదు. పై అంతస్తులో గది ఇస్తున్నారు. మన బడులన్నిటిలోనూ పాఠం చెప్పే కొత్తవాళ్లకి ఏ సందేహం వచ్చినా అక్కడ తెర మీదకి వస్తుంది. మీరు జవాబు రాస్తే చాలు."

"వాళ్లు ఏ పాఠం చెప్తారండీ?"

"పాఠాలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. అంతా రాసిచ్చేస్తారు. ఏ మాట అనాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ. ట్యాబులో చూసి చదవడమే." ఆవిడ పేపర్‌వెయిట్ ఆపారు. "మీకు వాళ్లు తెలుసుగా. మీతో మొదట్నుంచీ కలిసి పనిచేస్తున్నామని చెప్పారు. సహపాఠి అని."

"సహపాఠి గారా? ఆయన..."

"ఆయన కాదమ్మా. ఆరుగురు. షిఫ్టుల్లో చేస్తారు."

మా ఆవిడ చిన్నగా దగ్గింది. నీళ్ల గ్లాసు ముందుకి జరిపారు మేడమ్. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"అడిగి తీసుకోవాల్సింది కదండీ," అన్నాను నేను.

"అడిగే తీసుకున్నారు కదా సార్. ఎవరైనా వాడుకోవచ్చని అక్కడ మేడమే ఒప్పుకుని పెట్టారు. అడుగున పేరు కూడా వేశారు. చూపించమంటారా?"

"వద్దండీ," అంది మా ఆవిడ. "నా తరగతికి ఎవరు వెళ్తారు?"

ఆఖరి బెంచీ అమ్మాయి వెళ్తుందన్నారు.

ఇంటికొచ్చాక, మానేద్దాం అన్నాను. "మానేసి ఎక్కడికెళ్తాం? మనం వెళ్లేలోపు ఆ పాఠాలు అక్కడికీ వెళ్లి కూర్చుంటాయి," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

* * *

నా గదికీ నాలుగో తరగతి గదికీ మధ్య ఒకే గోడ. ఒక మధ్యాహ్నం పిల్లలకి గొడుగు బొమ్మ వేయడం నేర్పుతున్నాను. గోడ అవతల తరగతంతా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. దాని ముందున్న జోకూ తెలుసు. సున్నాతో గుణిస్తే ఎవడైనా బికారే అని మా ఆవిడ వేసే జోకు. అలవాటుకొద్దీ నేను కూడా నవ్వాను. తర్వాత గుర్తొచ్చింది, మా ఆవిడ పై అంతస్తులో ఉంది.

చెవి ఒగ్గి విన్నాను. గొంతు లేతది, కానీ మాటలు అవే. మాటకీ మాటకీ మధ్య ఎడం అదే. ప్రశ్న అడిగాక మా ఆవిడ ఎంత ఊరుకుంటుందో ఆ గొంతూ అంతే ఊరుకుంది. ఒక మనిషి బతికుండగానే ఆమె గొంతు ఇంకొకరి నోట్లోంచి వింటే ఎలా ఉంటుందో నాకు ఆరోజు తెలిసింది.

"పదిహేడుమంది పిల్లలు ఉన్నారు," అంది ఆ గొంతు. "ఐదుగురు చొప్పున జట్లు వేసుకుంటున్నారు."

నేను సుద్ద పడేసి బయటికి నడిచాను. పరుగెత్తలేదు. పరుగెత్తితే పిల్లలు చూస్తారని సిగ్గుపడ్డాను. నాలుగో తరగతి కిటికీ దగ్గరికి చేరేసరికి తెర మీద నా బొమ్మ ఉంది. మూడు జట్లు, జెండా, ఊడిపోయిన రిబ్బను. గోడంత పెద్దగా ఉంది.

ఆ అమ్మాయి ట్యాబు చూసి చదువుతోంది. "కొంతమందికి శేషం రాయాలంటే బాధగా ఉంటుంది. ఎందుకో తెలుసా? ఆటల్లో వాళ్లని ఎవరూ జట్టులోకి తీసుకోరు. ఎప్పుడూ వాళ్లే మిగిలిపోతారు." ఇక్కడ నవ్వమని రాసి ఉంది కాబోలు, తలెత్తి అందరి వంకా ఎంతో ఆప్యాయంగా నవ్వింది. తర్వాత ఆగింది.

ఆ ఆగిన కాసేపట్లో ముందు బెంచీ పిల్లాడొకడు తెర వంక చూశాడు. వెనక్కి తిరిగి బుడంకాయ వంక చూశాడు. వాడి పక్కనున్న పిల్ల చూసింది. తర్వాత తరగతి మొత్తం తిరిగింది. బుడంకాయ తల తిప్పలేదు. ఒక చెయ్యి మాత్రం పైకెత్తి, వేలాడుతున్న రిబ్బనుని పూర్తిగా లాగేసి, పిడికిట్లో పెట్టుకుంది.

"మిగిలినవాళ్లంటే పనికిరానివాళ్లు కాదు," అని చదువుతోంది ఆ అమ్మాయి. "తర్వాత రాబోయే జట్టుకి వాళ్లే మొదటివాళ్లు."

బెల్లు కొట్టాక ఆ అమ్మాయి వరండాలో నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"సార్, మేడమ్ పాఠమే ఇవాళ. బాగా చెప్పానా? ఆ ఆగే చోటు సరిగ్గా వచ్చిందా? దానికి చాలా ప్రాక్టీసు చేశాను సార్."

ఆమె మొహంలో కపటమేమీ లేదు. బాగానే వచ్చిందమ్మా అన్నాను.

* * *

ఇంట్లో బుడంకాయ ఏడవలేదు. సంచీ ఒక పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, వాళ్లమ్మ ముందు నిలబడింది.

"నువ్వు చెప్పావా?"

మా ఆవిడకి విషయం అప్పటికే నా ద్వారా తెలుసు. అబద్ధం ఆడలేదు. "రాశానమ్మా. నీ పేరు రాయలేదు."

"పేరెందుకు? బొమ్మ ఉందిగా."

ఆ మాట ఆవిడకి ఎంత తగిలిందో నాకూ అంతే తగిలింది.

ఆ రాత్రే మా ఆవిడ వేదికలోంచి ఆ పాఠాన్ని తీసేసింది. తీసేసినా ఏం లాభం? అప్పటికే దాన్ని తీసుకున్నవాళ్ల దగ్గర, వాళ్ల దగ్గర తీసుకున్నవాళ్ల దగ్గర, అన్నిచోట్లా అది ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. వెతికితే ఒకచోట నా బొమ్మకి రంగులు కూడా వేసి ఉన్నాయి. రిబ్బనుకి ఎరుపు వేశారు.

వారం తిరక్కుండా బుడంకాయ ఒక సంగతి చెప్పింది, అదీ అమ్మమ్మకి. "ఇప్పుడు జట్లు వేసుకునేటప్పుడు అందరూ ముందు నన్నే పిలుస్తున్నారు. పాపం కదా అని."

"పోనీలే తల్లీ, మంచిదేగా," అన్నారు అత్తగారు.

"నేను ఆడనన్నాను."

ఆ తర్వాత అది మాతో పేచీ పెట్టడం మానేసింది. సాయంత్రం పుస్తకాలు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చునేది. మా ఆవిడ పక్కన కూర్చుంటే మోచెయ్యి కాగితం మీదకి జరిపేది. అర్థమైందా అంటే అర్థమైంది. ఏమైనా అడగాలా అంటే ఏమీ లేదు. మా ఆవిడ తన పాత పద్ధతిలో ఊరుకుని చూసేది. బుడంకాయ కూడా అలాగే ఊరుకునేది. తల్లి దగ్గర నేర్చుకున్నదేగా. ఇద్దరూ ఎదురెదురుగా అలా కూర్చుంటే నాకు ఇంట్లో ఉండబుద్ధి కాక వానలోనే బయటికి పోయేవాణ్ణి. మోచెయ్యి కింద కాగితం మీద ఏముందో ఒకసారి అది నిద్రపోయాక చూశాను. తేదీ వేసి ఉంది. కింద ఏమీ లేదు.

ఊళ్లో పిల్లలందరూ తమకి రానిది ఏమిటో మా ఆవిడకి చెప్పుకున్నారు. కన్నకూతురు చెప్పడం మానేసింది. ఆవిడ అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది.

వానాకాలం వెళ్లిపోబోయే ముందు ఒకరోజు, బడి వదిలే వేళ ఆవిడని పిలవడానికి పైకి వెళ్లాను. ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే గది అది. ఇప్పుడు ఒక బల్ల, ఒక తెర. తెర మీద గడులు గడులుగా అన్ని బడుల నుంచీ ప్రశ్నలు. జవాబు రాసినవి పచ్చగా ఉంటాయి, ఆలస్యమైనవి ఎర్రగా మారతాయి. అన్నీ పచ్చగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆవిడ దాని ముందు కూర్చుని ఉంది. నేను వచ్చినా తల తిప్పలేదు.

నేను వంగి చదివాను. పైన మా బడి పేరు, కింద నాలుగో తరగతి అని ఉంది.

'ఒక పాప ఏది అడిగినా అర్థమైంది అంటోంది. కాగితం మీద మాత్రం ఏమీ రాయడం లేదు. రాసిచ్చినంతసేపూ ఆగి చూశాను, ఇంకా ఎక్కువసేపు కూడా ఆగాను. నోరు విప్పడం లేదు. ఇప్పుడు ఏ మాట అనాలి?'

"ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"పొద్దున."

ఆవిడ వేళ్లు మీటల మీద పెట్టింది. ఏదో రాసింది, చెరిపేసింది. మళ్లీ రాసింది. ఈసారి సగం వాక్యం దాకా వెళ్లింది, అదీ చెరిపేసింది. పిల్లల గురించి ఏ ప్రశ్న వేసినా పేజీలు రాసే మనిషి. చివరికి ఒక్క మాట కొట్టింది. 'తెలియదు.'

జవాబంటూ వచ్చింది కనుక ఎర్ర గడి పచ్చబడింది. ఆ వెంటనే కింద సహపాఠి పేరుతో ఒక వరుస మెరిసింది.

'ధన్యవాదాలు మేడమ్. ఇలాంటి పిల్లల గురించి మా దగ్గర ఇంతవరకు ఏమీ లేదు. మీకు తెలిసిన రోజున తప్పకుండా రాయండి, పాఠంలో చేరుస్తాము. నమస్కారం.'

మా ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ వరుస వంకే చూస్తూ కూర్చుంది. కిటికీలోంచి కిందికి చూశాను. గేటు దగ్గర పిల్లలు గుంపులు గుంపులుగా, ఒకే గొడుగు కింద ముగ్గురూ నలుగురూ దూరి వెళ్తున్నారు. రోజూ మా కోసం మెట్ల దగ్గర ఆగే మా అమ్మాయి ఆగలేదు. ఎవరో గొడుగు పట్టి పిలిస్తే తల అడ్డంగా ఊపి, ఒక్కతే వానలోకి నడిచింది.